తలుపు మూసి పోసే బియ్యం

సిద్దిపేట పాత బస్టాండు వెనక సున్నంబట్టి గల్లీలో పెంటవ్వ ఇల్లెక్కడని అడిగితే, "ఆ అనుమానపు పెంటవ్వనా?" అని ఎదురడిగేవారు. అడిగినవాడిని అప్పటికే పెంటవ్వ తన గడపలోంచి తేరిపార చూసేసి ఉండేది, వీడెవడు, నాతో వీడికేం పని అని. పాలవాడు పాలు పోస్తే గోటి మీద చుక్క వేసి చూసేది. కూరగాయల బండివాడు తూకం వేస్తుంటే తక్కెడ వంక కాదు, వాడి చిటికెన వేలి వంక చూసేది. గుళ్లో ప్రసాదం పెడితే పక్కామె దొన్నెలోకి తొంగి చూడందే తన దొన్నెలో వేలు పెట్టేది కాదు. దేవుడి దగ్గర కూడా ఇదేం బుద్ధి తల్లీ అంటే, "దేవుని మీద నాకేం అనుమానం లేదు. నడుమ ఉన్న చేతుల మీదనే" అనేది.

ఆ బుద్ధి ఊరికే రాలేదు లెండి. తొగుట దగ్గరి పల్లె నుంచి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె బీడీలు చుట్టి బతికింది. కంపెనీ మనిషి కట్టలు విప్పి చూసి, ఇవి పనికిరావని కొన్ని బీడీలు తీసి పక్కన పడేసేవాడు. పడేసినవాటిని అదే మనిషి సంచిలో నింపుకుపోయి అంగట్లో అమ్ముకోవడం ఒకరోజు ఆమె కళ్లారా చూసింది. అంతే, ఆనాటి నుంచి మనుషుల మొహాలతో ఆమెకు పని లేకుండా పోయింది. ఎదురుగా ఎవరు మాట్లాడుతున్నా చూపు వాళ్ల చేతుల మీదే. మొగుడు పోయాక కొడుకు రాజాన్ని ఆ చూపుతోనే సాకింది. రాజం ఆర్టీసీ డిపోలో మెకానిక్ అయ్యాడు, సంగీతను పెళ్లి చేసుకున్నాడు. సంగీత నెమ్మదస్తురాలు. ఆ పిల్ల మీద కూడా మొదట్లో అనుమానపడిందిగానీ, ఆ పిల్ల ఏ అనుమానానికీ ఎదురు చెప్పకపోయేసరికి పెంటవ్వకే విసుగొచ్చి మానేసింది.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపో గేటు దాటలేదు. బడులకు తాళాలు పడ్డాయి. ఆఫీసుల ముందు టెంట్లు లేచాయి. గల్లీలో సగం ఇళ్లు సర్కారు కొలువుల మీద బతికేవే. జీతాలు ఆగాయి. తెలంగాణ వస్తే అన్నీ వస్తాయిలే అని మొదట నవ్వుకున్నారు. నవ్వడమైతే నవ్వారుగానీ, ఇళ్లలో బియ్యం డబ్బాల అడుగులు కనబడసాగాయి.

రోడ్డు మీద లాఠీలకు ఎదురు నిలబడే మనుషులు, పక్కింటి గడప ముందు చెయ్యి చాపాలంటే చచ్చిపోయేవాళ్లు. ఎదురింటి స్వరాజ్యలక్ష్మి టీచరు సంగతే చూడండి. పెంటవ్వ మంచికే పోయి, చాటలో బియ్యం పట్టుకుని గల్లీ అంతా వినబడేలా, "టీచరమ్మా, తీస్కో, మొగమాట పడకు" అన్నది. టీచరు మొహం కందగడ్డ చేసుకుంది. "మాకేం తక్కువైంది పెంటవ్వా? నేనొచ్చి అడిగిన్నా నిన్ను?" అని ధడాలున తలుపు వేసుకుంది.

అలాంటి టీచరే వంటావార్పు రోజు రెండోసారి అడిగి మరీ అన్నం పెట్టించుకుంది. కరీంనగర్ రోడ్డు నడిమధ్య రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించారు ఆ రోజు. ఎవరింట ఉన్నది వాళ్లు తెచ్చి ఒకే పెద్ద వంటగిన్నెలో, గంజులో, పోశారు. లారీలు కనుచూపు మేర ఆగిపోతే, గల్లీ ఆడవాళ్లంతా తారురోడ్డు మీద బాసింపట్టు వేసుకుని తిన్నారు. పెంటవ్వ తినడం మానేసి టీచరు చేతులు చూస్తోంది. ఈమె తెచ్చిందెంత, తింటున్నదెంత అని. పక్కనున్న బీబీజాన్ కూడా టీచరునే చూసింది కానీ, ఆమె చూసింది వేరు.

బీబీజాన్ బస్సు డ్రైవర్ జహీరుద్దీన్ తల్లి. పెంటవ్వతో ఒకే అరుగు మీద బీడీలు చుట్టిన మనిషి.

"సూసినవా పెంటవ్వా?" అన్నది బీబీజాన్. "నువ్వు ఇంటికాడ ఇస్తే తలుపేసుకున్నది. గీడ ఎంత కమ్మగ తిన్నదో సూడు. ఎందుకంటవ్? గంజుల ఎవ్వలెంత పోసిన్రో ఎవ్వలకు తెల్వది గనుక. మన గల్లీల గూడ గసొంటి గంజే తిప్పుదాం."

"తిప్పుడేంది?"

"పొద్దుగూకంగనే గంజు బయలెల్తది. ఏ ఇంటికి పోతే ఆ ఇంటోళ్లు లోపటికి తీస్కపోయి తలుపు పెట్టుకోవాలె. ముందుగాల అందరు పిడికెడు పొయ్యాలె. తీస్కునేటోళ్లు గూడ పొయ్యాలె. అటెన్క కావాల్సింది తీస్కోవాలె. కలెవెట్టి, పైన సాపు జేసి పక్కింటికియ్యాలె. ఎవ్వలు ఎవ్వల్ని అడుగొద్దు."

"బాగనే ఉన్నది. అందరు తీస్కుంటనే పోతే?"

"మా పెద్ద గంజుకు నడుమ సొట్ట ఉన్నది గదా? బియ్యం గా సొట్ట కిందికి పోతే, ఉన్నోళ్లు ఇంకింత పోస్తరు, తీసేటోళ్లు జర తక్కువ తీస్తరు. గంజును సూసుకుంట ఎవ్వలకు వాళ్లే సదురుకుంటరు. మనం నోరు తెరిసే పనే లేదు."

సన్నబియ్యం పోస్తే ఫలానా ఇంటివని తెలిసిపోతుందని అందరూ దొడ్డు బియ్యమే పోయాలన్నది కూడా బీబీజానే. గంజు ఎవరింట్లో ఉండాలన్న మాట వస్తే, "నీ ఇంట్లనే ఉండనీ. నువ్వే అందర్ని అనుమానపడ్తవ్, ఇగ నిన్ను అనుమానపడేటోడెవడు?" అని నవ్వింది. పెంటవ్వకు ఆ మాట పొగడ్తలాగే వినిపించింది.

విచిత్రమేమిటంటే, అది నడిచింది! సాయంత్రమయ్యేసరికి గుడ్డ కప్పిన గంజు ఇల్లిల్లూ తిరిగేది. ప్రతి ఇంట్లో తలుపు పడేది, కాసేపటికి తెరుచుకునేది. ఉన్నవాళ్ల తలుపూ లేనివాళ్ల తలుపూ ఒకే తీరుగా పడేవి. ఏ ఇంటివాళ్లకూ పక్కింటి సంగతి తెలియదు. తన ముందుకు వచ్చిన గంజులో బియ్యం ఎక్కడిదాకా ఉన్నాయో అదొక్కటే తెలుసు. దాన్ని చూసే ఒకరు చెయ్యి బిగబట్టేవారు, ఒకరు మరో పిడికెడు వదిలేవారు. గంజు తిరిగి వచ్చేసరికి బియ్యం సొట్ట దగ్గరే ఉండేవి.

గల్లీకంతా అది నిమ్మళం, పెంటవ్వకు మాత్రం నరకం. అన్ని చేతులు బియ్యంలో దిగుతున్నాయి, ఒక్క చెయ్యీ కంటికి కనబడదు! వరుసలో మొదటి ఇల్లు ఆమెదే. రోజూ తన డబ్బాలోంచి సోలెడు బియ్యం తీసి గంజులో పోసి, ఏమీ తీసుకోకుండా సాగనంపేది. తన ముందు పోసినవాళ్లెవరూ లేరు గనుక కలియబెట్టే పని కూడా ఆమెకు లేదు. డబ్బా ఏనాడూ అడుగంటలేదు. నా కొడుకు ముందుచూపున్నోడు, ఎక్కడో దాచిపెట్టినట్టున్నాడు అని లోలోపల మురిసిపోయేది. తర్వాత దీక్షా శిబిరానికి వెళ్లేది, అక్కడ ఆడవాళ్లు బతుకమ్మ పాటల్లో ఢిల్లీవాళ్లను తిట్టిపోస్తుంటే చప్పట్లు కొట్టేది. తిరిగొచ్చిన గంజును ఇంట్లో సంగీత దించుకునేది.

సమ్మె సాగింది. ఒకనాడు గంజు మీది గుడ్డ తీస్తే బియ్యం సొట్టకు దిగువన ఉన్నాయి. మర్నాడు ఇంకాస్త దిగువకు. ఇంకేముంది, ఎవరో దోచుకుంటున్నారు!

ఇక ఆమె కళ్లకు నిద్ర లేదు. టీచరింట్లో కుక్కర్ ఈలలు వింటూ గడపలో కూర్చునేది. జీతం లేదు, ఈలలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి, ఎలా? బీబీజాన్ కోడలు మునీరా గంజు తీసుకుని తలుపేస్తే, అందరికంటే ఎక్కువసేపు లోపలే ఉంటోంది. అంతసేపు ఏం చేస్తోంది? మూలింటి మనిషి గంజు ఇచ్చేటప్పుడు కొంగు చేతుల మీదికి లాక్కుంటోంది. కొంగులో ఏముంది? చూసినకొద్దీ అందరి చేతులూ దొంగ చేతుల్లాగే కనిపించాయి.

ఉండబట్టలేక బీబీజాన్‌నే నిలదీసింది. "ఎవ్వలో దండిగ తీస్తున్నరు. గంజు అడుక్కు పోతున్నది."

"తియ్యనీ. తీస్కునేటందుకే గదా పెట్టింది" అన్నది బీబీజాన్ చింతపండు గింజలు తీస్తూ. "దినాలు గట్లున్నయి. అందరికి తక్కువైతే గంజుకు గూడ తక్కువైతది."

ఆ జవాబుతో బీబీజాన్ మీద కూడా అనుమానం పుట్టింది. ఇంత నింపాదిగా ఎలా చెప్తోంది? తన ఇంటికే పోతున్నాయా ఏంది?

అప్పుడు తట్టింది ఆమెకు ఉపాయం. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అరచేతికి చుక్క నూనె రాసుకుని, నాలుగు పిడికిళ్ల బియ్యానికి పసుపు పట్టించింది, పెళ్లి తలంబ్రాలకు పట్టించినట్టే. ఆరబెట్టి గంజు నడిమికి, లోపలికంటా దూర్చి, పైన మామూలు బియ్యం కప్పింది. కొంచెం తీసుకునేవాళ్లు పైపైన తీస్తారు, దోచుకునేవాళ్లే చెయ్యి లోపలికి పెడతారు అన్నది ఆమె లెక్క. తెల్లారి ఎవరి చాటలో పసుపు గింజలు కనబడితే వాళ్లే దొంగ. ఇంత తెలివి తనకుందని ఎవరికైనా చెప్పుకుంటే బాగుండునని కూడా అనిపించింది.

కలియబెట్టాలన్న నియమం ఆమెకు గుర్తే లేదు. రెండో ఇంట్లోనే కలియబెట్టేసరికి గంజులో అడుగువి మీదికి వచ్చాయి. పసుపు గింజలు వరుస పొడుగునా బియ్యం తీసుకున్న ఇళ్లన్నిటికీ చేరిపోయాయి.

తెల్లారి పెంటవ్వ చారెడు చక్కెర అడిగే వంకతో గడప గడపకూ బయల్దేరింది. టీచరు వాకిట్లో చాట బోర్లించి ఉంది. మూలింట్లో పలికినవాళ్లే లేరు. మునీరా మాత్రం గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. పెంటవ్వ నీడ పడగానే ఓణీ చెంగుతో చాట కప్పేసింది.

"ఏం ఏరుతున్నవ్ బిడ్డా?"

"ఏం లేదు పెద్దమ్మా, రాళ్లు" అన్నది మునీరా.

దొరికింది! పెంటవ్వ కడుపులో చల్లబడింది. పదిమంది మధ్య ఈ మాట ఎలా బయటపెట్టాలా అని ఆలోచించుకుంటూ గల్లీ చివర మూడు బాటలు కలిసే చోటికి వచ్చింది. వచ్చి నిలుచుండిపోయింది.

కూడలిలో బియ్యం పారబోసి ఉన్నాయి. ఒకచోట కాదు. గోడ వారన ఒక కుప్ప, మోరీ పక్కన ఒకటి, కరెంటు స్తంభం కింద ఒకటి, ఇటు తిరిగితే ఇంకొకటి. ప్రతి కుప్పలో అక్కడక్కడ పసుపు గింజలు. ఒక్కో కుప్ప మీద ఎవరో నిమ్మకాయ కోసి పిండారు, ఎవరో ఉప్పు చల్లారు. మెదక్ జిల్లాలో పుట్టిన మనిషికి దాని అర్థం ఇంకొకరు చెప్పాలా? అన్నం పెట్టే గంజులోంచి పసుపు బియ్యం వస్తే ఎవరైనా ఏమనుకుంటారు! బాణామతి. ఎవరో గిట్టనివాళ్లు మంత్రించి కలిపారని, దిష్టి తీసి కూడలిలో పారబోసి, వెనక్కి చూడకుండా పోయారు.

పెంటవ్వ ఒక దొంగను వెతికింది. ఇక్కడేమో గల్లీలో సగం ఇళ్ల ఆకలి పారబోసి ఉంది. ఎవరి కుప్ప ఏదో తెలియదు. తెలియనక్కర కూడా లేకపోయింది.

కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరింది. సంగీత కంచంలో అన్నం వడ్డించింది. రాజం శిబిరంలో ఉన్నాడు. పెంటవ్వ చారు కలపబోయి ఆగింది. తెల్లటి అన్నంలో లేత పసుపు మెతుకులు.

"ఇవెక్కడియే?"

సంగీత గరిటె కింద పెట్టి తలుపు దాకా వెనక్కి జరిగింది.

"సంగీతా! ఈ బియ్యం ఎక్కడియి?"

"గంజులయే అత్తా." తలుపు చెక్క పట్టుకుని నిలబడింది ఆ పిల్ల. "మన డబ్బా ఎన్నడో ఒడిసింది. గంజు తిరిగొచ్చినంక నువ్వు శిబిరం కాడుంటవ్ గదా, గప్పుడు తీస్తున్న."

"మరి రోజు నేను సోలెడు పోస్తున్న గదే?"

"గవి గూడ గంజులయే. నువ్వు పొయ్యకుంటే ఉండలేవు. మనింట్ల లేవని నీతోని ఎట్ల చెప్పాలె అత్తా? డబ్బాల ఎప్పటికి సోలెడు ఉండేటట్టు సూస్కున్న."

రోజూ ఛాతీ విరుచుకుని తాను గంజులో పోసినవి గంజులోంచి తీసినవే! దాత తానొక్కతే, దొంగలు మిగతా అందరూ అని ఇన్నాళ్లు విర్రవీగింది. సిగ్గుతో చచ్చిపోయింది పెంటవ్వ. అంతలోనే ఇంకో సంగతి తోచింది.

"పసుపు కనపడ్డది గదే నీకు? గల్లీల అందరు పారబోసిన్రు. నువ్వెట్ల వండినవ్?"

"ఎన్ని నీళ్లతోని కడిగినా పోలేదు. ఇంట్ల వేరే బియ్యం లెవ్వు." సంగీత కళ్లు తుడుచుకుంది. "పొద్దుగాల నేనొక్కదాన్నే జరంత వండుకొని తిని సూసిన. ఏమన్నయితే నాకే గావాలె, నీకు, ఆయనకు పెట్టొద్దని. ఇప్పటిదాంక ఏం కాలేదు. గందుకే నీకు పెట్టిన."

పెంటవ్వ కంచం పక్కకు జరిపి కోడలి రెండు చేతులూ పట్టుకుంది. ఇన్నేళ్లలో ఆ చేతుల్ని చూసిందేగానీ పట్టుకున్నది లేదు. ఆ పిల్ల చావుకు తెగించి మింగిన మెతుకులకు పసుపు పట్టించింది తానే. ఎలా చెప్పడం? చెప్పకుండా ఎలా ఉండడం?

సాయంత్రం గంజు బయటికి వెళ్లింది. వెళ్లినంత వేగంగా తిరిగొచ్చింది. ఏ ఇంట్లోనూ తలుపు పడలేదు. గుడ్డ అంచు మునివేళ్లతో పట్టుకుని ఒకరి నుంచి ఒకరు తోసేశారు. ఒక్క గింజ పోసినవారు లేరు, తీసినవారు లేరు. టీచరింటి కుక్కర్ ఈల వేయలేదు. రేపు కూడా వేయదు. ఎందుకు వేయలేదో గల్లీలో ఒక్క పెంటవ్వకే తెలుసు.

నోరు మూసుకుంటే బాణామతి భయం గంజును మింగేస్తుంది. నోరు తెరిస్తే, దొంగను పట్టడానికే పసుపు కలిపానని ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఆమె గడప నుంచి వచ్చే గంజులో ఎవరు చెయ్యి పెడతారు?

ఇంకా వెలుతురుండగానే ఆమె చాట పట్టుకుని మూడు బాటల కూడలికి నడిచింది. వంగి, పారబోసిన బియ్యం చేతులతో ఎత్తడం మొదలుపెట్టింది. గడపల్లోంచి కేకలు లేచాయి.

"అవ్వో! పెంటవ్వా, ముట్టకు! ఒద్దే, సస్తవ్!"

ఆమె ముట్టింది. అన్ని కుప్పలూ ఎత్తి, చెరిగి, మట్టి కడిగి, కూడలిలోనే మూడు రాళ్లు పెట్టి వండింది. జనం దూరంగా మూగారు. దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. అన్నం ఉడికాక కంచంలో పెట్టుకుని, అందరూ చూస్తుండగా ముద్ద మింగి, అప్పుడు నోరు విప్పింది.

"ఏ మంత్రం లేదు, ఏం లేదు. పసుపు కలిపింది నేను. గంజు గుంజుతున్న దొంగను పట్టుకుందామని కలిపిన. పొద్దున నా కంచంలనే తేలింది పసుపు. గంజుల తిండి తింటున్నది నేనే. ఇగో, ఇప్పుడు గూడ అదే తింటున్న."

సంగీత పేరు ఎత్తలేదు. ఎవరి చాట బోర్లించి ఉందో, ఎవరు చెంగు కప్పారో ఆ మాటా ఎత్తలేదు. ఎవరో నవ్వబోయి మానుకున్నారు. స్వరాజ్యలక్ష్మి టీచరు చూపు నేల మీదికి దించుకుంది.

బీబీజాన్ గుంపులోంచి ముందుకొచ్చింది. "పసుపు కాదే నువ్వు కలిపింది! నీ కండ్లు కలిపినవ్ గంజుల! తలుపు ఎందుకు పెట్టుకోమన్ననే నేను? గా కండ్లు లోపటికి రావద్దనే గదనే!"

బీబీజాన్ పెంటవ్వ పక్కనే కూలబడి, అదే కంచంలోంచి ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. నములుతూ జనం వైపు తిరిగింది. "ఉప్పు ఎక్కువైంది. అంతకన్న ఏం లేదు. గంజు ఇగ మా ఇంట్ల ఉంటది. రేపు పొద్దుగూకంగనే వస్తది, తలుపులు పెట్టుకోరి."

మర్నాడు గంజు బీబీజాన్ ఇంటి నుంచి బయల్దేరింది. పెంటవ్వ ఇల్లు ఇప్పుడు వరుసలో ఆఖరిది. ముందు ఇళ్లలో తలుపులు ఒకటొకటిగా పడుతున్న చప్పుడు వింటూ ఆమె కూర్చుంది. తన వంతు వచ్చింది. గంజును తిరిగి తీసుకుపోవడానికి మునీరా వచ్చి వాకిట్లో నిలబడింది. పెంటవ్వ గంజు లోపలికి తెచ్చి తలుపు పెట్టింది. పిడికెడు పోసింది. తీసుకోవడానికి చెయ్యి పెట్టి ఆగిపోయింది.

నిన్న అందరి ముందు ఒప్పుకున్న మనిషి తను. ఈమె ఎంత తీస్తుందో చూద్దామని ఎవరో ఒకరు గుర్తు పెట్టే ఉంటారు. తాను చేసిన పని వాళ్లెందుకు చేయరు? ముఖ్యంగా ఆ మునీరా. గంజును దీపం దగ్గరికి జరిపింది. వేళ్లు అడుగు దాకా పోనిచ్చి, పైకి తీసి, వెలుగులో పరచి చూసింది. మళ్లీ తీసి చూసింది. పసుపు లేదు, కుంకుమ లేదు, రంగు గింజ ఒక్కటి లేదు. ఉత్త దొడ్డు బియ్యం. పెంటవ్వకు ఏడుపు తన్నుకొచ్చింది. బయటికి వినబడుతుందని కొంగు నోట్లో కుక్కుకుంది. ఎంతసేపు అలా ఉందో ఆమెకే తెలియదు.

తేరుకుని, రెండు పూటలకు సరిపడా తీసుకుని, మిగిలినవి కలియబెట్టి సాపు చేసి తలుపు తీసింది. ఇంతసేపేంటని మునీరా అడగలేదు. తలుపుకు వీపు పెట్టి, ఓణీ చెవుల మీదుగా బిగించి చుట్టుకుని, గల్లీ అవతలి కొసకు చూస్తూ నిలబడి ఉంది.

"తీస్కపో బిడ్డా" అని భుజం తడితే తప్ప ఇటు తిరగలేదు.